రాణి గారి మైల ఇంకా తీరలేదు

మా తాతయ్య పోయినప్పుడు పదకొండో రోజు పెద్దకర్మతో మైల తీరిపోయింది. ఇంగ్లండు రాజవంశంలో ఎవరో పోతే పట్టిన మైల మాత్రం మూడు వందల ఏళ్ళు దాటినా తీరలేదు, పైగా దాన్ని పడుతున్నది మన ప్లీడర్లు. పోయింది ఎవరన్నది కూడా ఖాయంగా తేలలేదు. 1685లో పోయిన రెండో చార్లెస్ అని కొందరు, 1694లో పోయిన రెండో మేరీ అని కొందరు, కాదు 1714లో పోయిన ఆన్ రాణి అని ఇంకొందరు. ఎవరైతేనేం, సంతాపానికి నల్లగౌను తొడుక్కున్న లండన్ బారిష్టర్లు దాన్ని మళ్ళీ విప్పడం మర్చిపోయారనేది వాళ్ళే నవ్వుతూ చెప్పుకునే కథ.

నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నేను దాన్ని మే నెలలో చూశాను. పొలం గట్టు తగాదా ఒకటి మాకు తరాల ఆస్తిగా వస్తోంది, దాని వాయిదాకి వెళితే మా ప్లీడరు గారు నల్లకోటులో, మెడ దగ్గర రెండు తెల్ల పట్టీల బ్యాండ్‌తో, చెమటకి తడిసి ముద్దయి, అచ్చం దగ్గరివాళ్ళు పోయినవాడిలాగే నిలబడ్డారు. వేసవిలో కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉంది కదండీ అన్నాను. "కోటు లేకపోతే నేను ప్లీడర్నని క్లయింటుకెలా తెలుస్తుందయ్యా?" అన్నారు. అదీ నిజమే, ఫీజు సగం కోటుకే ఇస్తున్నాం.

నాతో వచ్చిన మా అత్తయ్యకి ఇంకో అనుమానం. ఆ రెండు తెల్ల పట్టీలు చూసి "ఏరా, ఈయన ప్లీడరా, పాస్టరా?" అని నా చెవిలో అడిగింది. నవ్వకండి, చరిత్రకారుడు అడగాల్సిన ప్రశ్న అది. పదిహేడో శతాబ్దంలో మామూలు జనం వేసుకునే కాలరే ఆ బ్యాండ్. జనం మానేశారు, పాస్టర్లూ లాయర్లూ ఉంచుకున్నారు. అవి బైబిల్లో మోషే తెచ్చిన పది ఆజ్ఞల రెండు పలకలకు గుర్తని ఆ తర్వాతెప్పుడో ఒక అర్థం అతికించారు. అసలు ఇంగ్లండులో చర్చీ కోర్టూ ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములు. 1529లో కార్డినల్ వూల్సీ అనే పెద్ద మతాధికారి పదవి పోయేదాకా, రాజు గారి పెద్ద న్యాయాధికారులైన లార్డ్ చాన్సలర్లు ఎక్కువమంది బిషప్పులే. లండన్లో రెండు పెద్ద లాయర్ల సంఘాల పేర్లలో నేటికీ టెంపుల్ ఉంది, ఎందుకంటే ఆ చోటు ఒకప్పుడు టెంప్లార్ యోధ సన్యాసులది. పాతకాలపు పెద్ద వకీళ్ళు తలకి తెల్లటి గుడ్డ టోపీ కట్టేవాళ్ళు. మతాధికారులు మామూలు కోర్టుల్లో వాదించకూడదని చర్చి ఆంక్ష పెడితే, వాదించడం మానలేని మతాధికారులు తమ నడినెత్తి గుండు కనపడకుండా దాన్ని తొడిగారని ఒక కథ. తిరుపతి నుంచి వచ్చినవాడు టోపీ పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళినట్టన్నమాట. ఇక ఉరిశిక్ష వేసేటప్పుడైతే జడ్జి విగ్గు మీద నల్లగుడ్డ పెట్టుకుని "దేవుడు నీ ఆత్మను కరుణించుగాక" అంటే, పక్కనే నిలబడ్డ చాప్లిన్, అంటే కోర్టు పాస్టరు, "ఆమెన్" అనేవాడు. తీర్పూ ప్రార్థనా ఒకే బల్ల మీద.

విగ్గు దగ్గర మాత్రం అన్నదమ్ములు విడిపోయారు. ఫ్రాన్సు ఫ్యాషన్‌గా 1660ల్లో వచ్చిన విగ్గును బిషప్పులు 1830ల నుంచి వదిలేస్తూ వచ్చారు, లాయర్లు వదల్లేదు. పైగా 1822లో రావెన్స్‌క్రాఫ్ట్ అనే ఆయన గుర్రపు వెంట్రుకలతో పౌడరు అక్కర్లేని విగ్గు కనిపెట్టి వాళ్ళకి మరో రెండు శతాబ్దాలు సాయం చేశాడు. 2008లో సివిల్ కేసుల్లో జడ్జీలు దాన్నీ తీసేశారు. 2009లో మొదలైన వాళ్ళ సుప్రీంకోర్టులో జడ్జీలు మామూలు సూట్లలోనే కేసులు వింటారు. అంటే మైల పుట్టిన ఇంట్లోనే సగం స్నానాలు అయిపోయాయి, చుట్టాలం మనం మాత్రం ఇంకా గుమ్మం బయటే కూర్చున్నాం. 2020 మేలో కరోనాకి భయపడి మన సుప్రీంకోర్టు వీడియో విచారణల్లో కోటూ గౌనూ వద్దంది, తెల్ల చొక్కా చాలంది. బ్యాండ్ మాత్రం ఉండాలంది! అంత వైరస్ కూడా ఆ రెండు పట్టీల జోలికి రాలేకపోయింది.

కాబట్టి ఎవరో ఒకరు పూనుకుని ఈ పెద్దకర్మ జరిపించాలని నా విన్నపం. పోయింది ఎవరో తేలలేదు గనక ముగ్గురికీ కలిపి పెడదాం, కృష్ణ ఒడ్డున అయితే ఖర్చు కూడా తక్కువ. చిక్కల్లా కర్త దగ్గరే వచ్చింది. చార్లెస్‌కి భార్య వల్ల పిల్లల్లేరు (బయట మాత్రం డజనుకు పైగా ఉన్నారు, వాళ్ళు లెక్కలోకి రారు), మేరీకి అసలు సంతానం లేదు, ఆన్ రాణికి పదిహేడు కాన్పులైనా ఒక్క బిడ్డా మిగల్లేదు. మైల ఎందుకు తీరలేదో ఇప్పుడర్థమైంది కదా! కర్త ఎవరో తేల్చమని మళ్ళీ కోర్టులోనే దావా వెయ్యాలి. మా ప్లీడరు గారిని అడిగితే వకాల్తా కాగితం తీస్తూ, కుర్చీకి తగిలించిన కోటు కోసం చెయ్యి చాపారు.