‘అసలు వస్తే చాలు’ గారికి

మహారాజశ్రీ ‘అసలు వస్తే చాలు’ గారికి నమస్కరించి వ్రాయునది.

నిన్న మధ్యాహ్నమంతా ఆడిటరు గారి గదిలోనే గడిచింది. చివరికి ఆయన కాలిక్యులేటర్‌ను నా వైపు తిప్పారు. 9,360 రూపాయలు. పన్ను!

“మొత్తం మీద నాకు నాలుగు వేలు నష్టం కదండీ” అన్నాను.

“క్రిప్టోలో మొత్తం మీద అనేది లేదండీ” అన్నారాయన.

కంప్యూటర్లలో మాత్రమే ఉండే బిట్‌కాయిన్ అనే క్రిప్టో నాణెం మీద వచ్చిన 30,000 లాభానికి 30 శాతం, ఆ పన్ను మీద మళ్లీ 4 శాతం సెస్సు. కుక్క బొమ్మ ఉన్న మరో క్రిప్టో నాణెంలో పోయిన 34,000 మాత్రం ఆ లాభంలోంచి తీసెయ్యడానికి లేదు, వచ్చే ఏటికి మోసుకెళ్లడానికీ లేదు. 2022 ఏప్రిల్ నుంచి చట్టం అంతే. సర్కారుకు నా లాభంలో వాటా ఉంది, నష్టంతో చుట్టరికం లేదు. సరే, ఆ తగవు తర్వాత. ముందు మీ సంగతి.

2021 అక్టోబరులో క్రికెట్ చూద్దామంటే ఓవరుకూ ఓవరుకూ మధ్య క్రిప్టో ప్రకటనలే. క్యాంటీన్‌లో పక్క సీటాయన ఇడ్లీ చల్లారిపోతున్నా ఫోనులో పచ్చ గీత చూపిస్తూ కూర్చునేవాడు. (గీత ఎర్రబడ్డాక ఆ ఫోను జేబులోంచి బయటికి రాలేదు.) ఒక్క బిట్‌కాయిన్ ధర అప్పటికే నలభై లక్షలు దాటింది. నా నలభై వేలకు అందులో వచ్చేది సున్నా చుక్క సున్నా సున్నా ఎంతో. అదే డబ్బుకు కుక్క బొమ్మ నాణేలు అరవై లక్షలు! నోరూరింది, కొన్నాను.

కొనడం నా తప్పు. అమ్మనివ్వకపోవడం మీ చలవ.

నా కుక్క నాణేల విలువ ముప్పై వేలకు దిగినప్పుడు, ఇరవైకి దిగినప్పుడు, 2022లో అయిదు వేలకు వచ్చినప్పుడు కూడా మీరు ఒకటే మాట అన్నారు: “అసలు వస్తే చాలు, అప్పుడు అమ్ముదాం.” 2024 మార్చిలో అది హఠాత్తుగా ఇరవై వేలు దాటింది. అమ్మకం బొత్తాం మీద వేలు పెట్టాను కూడా. “సగం వచ్చిందిగా, మిగతా సగం రాకపోతుందా” అన్నారు. ఆ ఊపులోనే బిట్‌కాయిన్‌లో ఇంకో యాభై వేలు పెట్టించారు. నిరుడు పాప ఫీజుకు అవసరమైతే, లాభంలో ఉన్న బిట్‌కాయిన్‌ను క్షణంలో అమ్మేశాను. ఇంకా ఆరు వేలు తక్కువైతే తప్ప కుక్క నాణేలను ఆ ఆరు వేలకు వదల్లేదు.

అసలు ఆ నలభై వేలు ఎవరికి గుర్తుంది చెప్పు? నేను ఎంతకు కొన్నానో మార్కెట్టుకు తెలుసా? ఆ నాణేనికి తెలుసా? ఈ భూమ్మీద ఆ అంకె తెలిసినవాళ్లం నువ్వూ నేనూ. నా భార్యకు కూడా తెలియదు! దానికోసం నాలుగేళ్లు అర్ధరాత్రి లేచి ఫోను చూసేలా చేశావు కదయ్యా!

కొత్తవాడివేమీ కావులే. మా పెదనాన్నగారి దగ్గర ఇరవై ఏళ్లుగా ఉంటున్నావు. రోడ్డు రాని వెంచరులో ఆయన ప్లాటులో తుమ్మలు మొలిచాయి. ఏటా కూలీ ఇచ్చి వాటిని కొట్టించి, అసలు వస్తే చాలంటారు. ఆయనకు వెళ్లి నిలబడటానికైనా రెండు వందల గజాలున్నాయి. నేనెక్కడ నిలబడాలి?

పన్ను చలానా గడువు దగ్గరపడింది. దయచేసి మీ పాన్ నంబరు పంపగలరు.

ఇట్లు,
అరవై లక్షల నాణేల మాజీ యజమాని