డిశ్చార్జి తర్వాతి ఏళ్లకు లెక్క రాసేదెవరు?

తిరుపతిలో ఎముకల ఆపరేషన్లకు బర్డ్ ఉంది, నరాల వైద్యానికి స్విమ్స్ ఉంది, అత్యవసరమైతే రుయా ఉంది. కానీ మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయిన యువకుడు పలమనేరు పక్క పల్లెకు చేరాక, ముందున్న ఏళ్లకు ఏమేం కావాలో లెక్క రాసే మనిషి లేడు. అమెరికాలో ఇది ప్రత్యేక వృత్తి. లైఫ్ కేర్ ప్లానర్ అంటారు. నర్సింగ్, ఫిజియోథెరపీ, సోషల్ వర్క్ చదివిన మన పిల్లలు చేయదగిన పని ఇది.

డిశ్చార్జి కాగితంలో 'జీవితాంతం ఫిజియోథెరపీ అవసరం' అని ఒక ముక్క ఉంటుంది. ప్రమాద పరిహారం తేల్చే ఏ కోర్టుకూ దాన్ని డబ్బుగా మార్చడం సాధ్యం కాదు. వారానికి ఎన్నిసార్లు, ఒక్కోసారికి ఎంత, ఏ ఏడు దాకా అని రాస్తేనే లెక్క తేలుతుంది. వీల్‌చైర్ ఐదేళ్లకు, దాని కుషన్ రెండేళ్లకు మార్చాలనుకుంటే ముప్పయ్యేళ్లకు ఆరు కుర్చీలు, పదిహేను కుషన్లు. మూత్రానికి రోజుకు ఐదుసార్లు గొట్టం వేయాలంటే, ఒకసారి వాడి పారేసేవైతే నెలకు 150 గొట్టాలు. గడప దగ్గర ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. చోటు చూడకుండా రాస్తే అది వీధిలోకి వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు మనిషి సాయం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రాత్రి కూడా రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. వారానికి 168 గంటలు. ఒకరు 48 గంటలు చేస్తే మూడున్నర మంది కావాలి. పన్నెండేళ్లకే ప్రమాదంలో పూర్తిగా మంచాన పడ్డ ఒక బాలిక కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకులకు నెలకు 10 వేలు లెక్కగట్టి, ఏడాది ఖర్చును 18తో గుణించి (దీన్నే గుణకం అంటారు) రూ.21.60 లక్షలు ఇచ్చింది. గుణకం దారి చూపింది, సరే. ఆ 5 వేల జీతానికి చిత్తూరులో ఈరోజు మనిషి దొరకడు. స్థానిక జీతాల ఆధారాలు జతచేయడం ప్లానర్ బాధ్యత.

సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌తో మంచాన పడ్డవారికి నెలకు రూ.15 వేల పింఛను వస్తుంది. అది ఉంది కదా అని ఖర్చుల పట్టీలో కోత పెట్టకూడదు. పథకాలు మారతాయి, పుండ్లు ఆగవు.

సంరక్షకత్వం, అంటే చట్టపరంగా ఒకరి తరఫున నిర్ణయాలు తీసుకునే గార్డియన్‌ను పెట్టడం దగ్గర తొందర పనికిరాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్నవారికి పద్దెనిమిదేళ్లు నిండితే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుణ్ని నియమించుకోవచ్చు. వెన్నుపాము దెబ్బతిన్నవాడి బుద్ధికి ఏ లోటూ లేదు. అతని ప్రణాళిక అతన్నే అడిగి రాయాలి.

తల్లి వయసు కూడా పట్టీలో ఉండాలి. డెబ్బై కిలోల కొడుకును రోజుకు పన్నెండుసార్లు తిప్పడం ఆమె చేతులకు ఏ ఏడు దాకా సాధ్యమో అంచనా వేసి, ఆ ఏడు నుంచి ఆమె చోట జీతం మనిషిని చేర్చాలి.