ఒక్క అడుగు ముందుకు

జులై నెలలో ఫ్రాన్స్ రోడ్ల పక్కన చిన్న మిర్రర్‌లెస్ కెమెరా పట్టుకుని నిలబడ్డ ప్రతి మనిషికీ పుట్టుకతో వచ్చిన హక్కు ఒకటుంది. తెల్ల గీత దాటి ఒక్క అడుగు ముందుకు వేసే హక్కు. ఆ ఒక్క అడుగూ వేస్తే ఫ్రేమ్ అదిరిపోతుందని అతని గట్టి నమ్మకం. 1903 నుంచి నడుస్తున్న సైకిల్ పోటీ టూర్ ద ఫ్రాన్స్ ఈ హక్కుని ఇప్పటికీ రూల్ పుస్తకంలో చేర్చలేదు. చాలా విచారకరం.

ఈ మధ్య మా వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి వీడియో పెట్టాడు. మనవాడే, యూరప్‌లో ఉద్యోగం, సెలవు పెట్టుకుని టూర్ చూడ్డానికి వెళ్ళాడట. వీడియోలో ఆయన మోచెయ్యి రోడ్డు మీద ఉంది. ఆ మోచేతిని తప్పించుకోవడానికి ఒక రైడర్ ఒళ్ళంతా పక్కకి వంచాడు. కింద మనవాడి వ్యాఖ్య: "ఒక్క అడుగు ముందుకేశా. లేకపోతే ఈ యాంగిల్ రాదు బ్రో." దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు, రెండు మంటల బొమ్మలు, ఒక దండం. మర్యాద కోసం ఆయన్ని ఇక మీదట అడుగుగారు అందాం.

అడుగుగారి సామగ్రి గురించి చెప్పుకోవాలి. జేబులో పట్టే కెమెరా, దానితో పాటే వచ్చిన కిట్ లెన్స్. షాపువాడు "సెకనుకి 11 ఫోటోలు సార్, మిస్సయ్యే ఛాన్సే లేదు" అన్నాడు. పాపం షాపువాడు సైకిలు వేగం చెప్పలేదు. చదును రోడ్డు మీద పోటీ సైకిలు గంటకి 54 కిలోమీటర్లు పోతోందనుకోండి, గమ్యం ముందు స్ప్రింట్‌లో (చివరి పరుగులో) అయితే ఇంకా ఎక్కువే. అంటే సెకనుకి 15 మీటర్లు. 11 ఫోటోల లెక్కన ఒక ఫోటోకీ తర్వాతి ఫోటోకీ మధ్య సైకిలు మీటరుకి పైగా జరిగిపోతుంది. మొదటి ఫోటోలో ముందు చక్రం ఇంకా ఫ్రేమ్‌లోకి రాదు, రెండోదాంట్లో మనిషి వీపు ఉంటుంది. షట్టర్ 1/60 దగ్గర, అంటే సెకనులో అరవయ్యో వంతు తెరిచి ఉండేలా వదిలేస్తే, ఆ ఒక్క క్లిక్ పూర్తయ్యేలోపే సైకిలు పావు మీటరు కదులుతుంది. మొహం ఉండాల్సిన చోట రంగు చార. దాన్ని అడుగుగారు "మోషన్ బ్లర్, ఆర్టిస్టిక్" అని పెడతారు.

చప్పుడు రాకుండా ఉంటుందని ఆయన ఎలక్ట్రానిక్ షట్టర్ కూడా పెట్టుకుంటారు. చిన్న కెమెరాల్లో చాలావాటికి అప్పుడు సెన్సర్, అంటే బొమ్మ పట్టే చిప్, పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. ఆ చదివే లోపల సైకిలు ఊరుకోదు కదా. చక్రాలు కోలగా సాగుతాయి, కెమెరా తిప్పుతూ తీస్తే వెనక స్తంభాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోతాయి. సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ కెమెరాని సోనీ 2023లో ప్రకటించింది, సెకనుకి 120 ఫోటోలు తీస్తుంది. ధర లక్షల్లో. దానితో అయినా మోచెయ్యి మోచెయ్యే.

ఇంతకీ అసలు గుంపు ఎదురుగా ఉన్న క్షణంలో అడుగుగారి కెమెరా పలకదు. పోటీకి రెండు గంటల ముందు ప్రకటనల బండ్ల ఊరేగింపు వస్తుంది. 1930 నుంచి ఉన్న ఆచారం. బండ్ల మీంచి టోపీలు, కీచెయిన్లు, సాసేజ్ ప్యాకెట్లు విసురుతారు. అడుగుగారు ఒక చేత్తో ప్యాకెట్ పట్టుకుంటూ ఇంకో చేత్తో బర్స్ట్ (బటన్ నొక్కి ఉంచితే వరసగా ఫోటోలు) కొడతారు. సాసేజ్ గాల్లో, సాసేజ్ నేల మీద, సాసేజ్ కోసం పక్కావిడతో తగువు. ఆ తర్వాత అసలు గుంపు వస్తుంది. మొదటి రెండు సెకన్లకే బఫర్, అంటే ఫోటోలు కార్డులోకి ఎక్కేదాకా దాచుకునే జాగా, నిండుతుంది, ఎర్ర లైటు మిణుకుమంటుంది, బటన్ ఎంత నొక్కినా కెమెరా ఉలకదు పలకదు. నూట డెబ్భై మంది రైడర్లు ఆ ఎర్ర లైటు ఆరేలోపే వెళ్ళిపోతారు.

అప్పుడు అడుగుగారు కనిపెట్టే కారణం దూరం. ఆడలేక మద్దెల ఓడు. "ఇంకాస్త దగ్గరికి వెళ్ళుంటే వచ్చేది."

రాదు స్వామీ. దగ్గరికి వెళ్తే ఫోటో ఇంకా పాడవుతుంది. రెండు మీటర్ల దూరంలో నిలబడితే, సైకిలు మీ ఎదురుగా దాటే క్షణంలో మీరు కెమెరా తిప్పాల్సిన వేగం 15 మీటర్ల దూరంలో నిలబడ్డప్పటి కన్నా ఏడున్నర రెట్లు. మనిషి నడుము అంత వేగంగా తిరగదు, ఆ చిన్న కెమెరా ఫోకస్ అసలే తిరగదు, వెనక గొడుగేసుకున్న ముసలాయన మీద పడి కూర్చుంటుంది. పైగా 16 మిల్లీమీటర్ల దగ్గర, అంటే బాగా వెడల్పుగా చూసేలా, పెట్టిన లెన్స్‌లో చూస్తే, 20 మీటర్ల దూరంలో ఉన్న సైకిలు ఊరవతల ఉన్నట్టు కనిపిస్తుంది. "చాలా టైముంది" అనిపిస్తుంది. అది మీ దగ్గరికి రావడానికి సెకనున్నర కూడా పట్టదు. బర్స్ట్ నొక్కి ఉంచితే చాలా చిన్న కెమెరాల స్క్రీన్ మీద కనపడేది అప్పుడే తీసిన ఫోటో, ఎదుట జరుగుతున్నది కాదు. అంటే అడుగుగారు గడిచిపోయిన సైకిలుని చూస్తూ రాబోయే సైకిలుకి అడ్డంగా నిలబడతారు.

సరే, దీనికి మన తెలుగువాళ్ళ దగ్గర పరిష్కారం ఉంది. టూర్ ద ఫ్రాన్స్‌ని మన పెళ్ళి ఫోటోగ్రాఫర్ల చేతిలో పెట్టాలి.

ముందు ప్రీ-రేస్ షూట్. పొద్దుతిరుగుడు తోటలో రైడర్లందరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని దూరంగా కొండల వైపు చూడాలి. పైన డ్రోన్. రేసు మొదలయ్యాక రోడ్డుకి అడ్డంగా ముగ్గురు నిలబడతారు, ఒకడు స్టిల్స్, ఒకడు వీడియో, ఒకడు ఆ ఇద్దరికీ లైటు పట్టేవాడు. "పసుపు టీషర్టు అన్నా, గడ్డం కొంచెం కిందికి. నవ్వండి. పళ్ళు కనపడాలి." కొండ మీద గంట సేపు తొక్కి ఊపిరి అందక చస్తున్న మనిషి పళ్ళు చూపిస్తాడు. "వెనకున్నవాళ్ళు పొట్టివాళ్ళు ముందుకి, పొడుగువాళ్ళు వెనక్కి. మచ్చల టీషర్టు బాబూ, నువ్వు అన్నయ్యని దాటెయ్యకు, ఆల్బమ్‌లో పేజీ పాడవుతుంది."

ఎర్ర కారు పైకప్పులోంచి రేస్ డైరెక్టర్ తల బయటపెట్టి పంతులుగారిలా మొత్తుకుంటాడు. "ముహూర్తం దాటిపోతోంది నాయనా!" "ఒక్క నిమిషం పంతులుగారూ, చెయ్యి అడ్డం తీయండి, ఫ్రేమ్‌లోకి వస్తోంది." ఫినిష్ గీత దగ్గర గెలిచినవాడు చేతులు పైకెత్తుతాడు. "సూపర్ సార్, చేతులు అలాగే ఉంచండి, కదలకండి. జీలకర్ర బెల్లం అప్పుడు పెళ్ళికొడుకు పావుగంట ఉంచాడు, మీరు ఉంచలేరా? ఇప్పుడు వెనక్కి వెళ్ళి మళ్ళీ ఒకసారి గెలవండి, ఇందాక కార్డు మార్చుకుంటున్నాం." రెండోవాడు ఈసారి తను గెలుస్తానంటాడు. "మీరు పక్కకి రండి బాబూ, మిమ్మల్ని ఎలాగూ క్రాప్ చేస్తాం." సాయంత్రం టీమ్ బస్సుల్లో భోజనాలు. ఎవరూ ఎక్కడానికి వీల్లేదు, ఇంకా అత్తగారి తరఫు గ్రూప్ ఫోటో కాలేదు.

ఈ ఏర్పాటులో గొప్ప సుగుణం ఒకటుంది. సైకిళ్ళు ఆగి ఉంటాయి, ఎవరి ఎముకలూ విరగవు.

నిజం రేసులో విరుగుతాయి. 1994 టూర్, మొదటి స్టేజ్ (టూర్‌లో ఒక రోజు పోటీని స్టేజ్ అంటారు), ఆర్మాంతియేర్ ఊళ్ళో స్ప్రింట్. జనం ముందుకు రాకుండా ఆపడానికి బారికేడ్ దగ్గర నిలబెట్టిన పోలీసు తానే ఫోటో తీస్తూ రోడ్డు మీదకి జరిగి ఉన్నాడు. తల వంచుకుని పూర్తి వేగంతో వస్తున్న రైడర్ విల్‌ఫ్రీడ్ నెలిసెన్ నేరుగా అతన్ని గుద్దాడు. అదే ప్రమాదంలో మరో రైడర్ లారాఁ జలబేర్ మొహం పగిలింది. ఇద్దరికీ ఆ ఏడాది టూర్ అక్కడితో సరి. 1999లో ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీద ఒంటరిగా ముందున్న జుసెప్పే గ్వెరీనీకి గమ్యం కాస్త దూరంలో ఉండగా ఒక కుర్రాడు కెమెరాతో ఎదురొచ్చి నిలబడ్డాడు. గ్వెరీనీ పడ్డాడు, లేచాడు, గెలిచాడు. గెలిచాడు కాబట్టి దాన్ని ఇప్పుడు సరదా కథలా చెప్పుకుంటున్నారు! లేవకపోతే ఏం చెప్పుకునేవాళ్ళు?

2018లో అదే కొండ మీద విన్‌చెంజో నిబాలి. 2014 టూర్ విజేత. ఆయన్ని పడేసింది కెమెరా కూడా కాదు, ఎవరో వేలాడేసుకున్న కెమెరా పట్టీ. హ్యాండిల్‌కి చిక్కుకుంది. వెన్నుపూస విరిగిన మనిషి ఆ నొప్పితోనే పైదాకా తొక్కి, రాత్రి టూర్ వదిలి ఇంటికెళ్ళాడు. 2021 జూన్ 26న ఒకావిడ అట్టముక్క మీద తాతా అమ్మమ్మలకి పలకరింపు రాసి, వస్తున్న సైకిళ్ళకి వీపు పెట్టి, టీవీ కెమెరాకి మొహం పెట్టింది. రైడర్ టోనీ మార్టిన్ ఆ అట్టకి కొట్టుకున్నాడు, అతని వెనక డజన్ల మంది ఒకరి మీద ఒకరు పడ్డారు. కోర్టు వేసిన జరిమానా 1,200 యూరోలు. ఒక మంచి లెన్స్ ఖరీదు. 2023లో పదిహేనో స్టేజ్‌లో ఇంకొకడు ఫోన్ పట్టుకుని చెయ్యి చాపాడు, రైడర్ సెప్ కుస్‌కి తగిలింది, మళ్ళీ గుంపు గుంపంతా నేల మీద.

వీళ్ళంతా సైకిలంటే ప్రాణం అని చెప్పుకునేవాళ్ళే. ప్రాణం ఎవరిది? చలికాలమంతా వానలో, మంచులో తొక్కి, తిండి గ్రాముల్లో కొలుచుకుని, మూడు వారాల పోటీకి ఏడాదంతా ఖర్చు పెట్టిన మనిషిది. నెత్తి మీద ఒక హెల్మెట్, ఒంటి మీద పల్చటి బట్ట, ఇంకేం లేదు. అతను పడితే తారు మీద చర్మం ఊడి వస్తుంది. కాలరెముక విరిగితే ఆ ఏడాది కాంట్రాక్టు కూడా విరగొచ్చు. నీకేం పోయింది? ఒక ఫోటో. అది కూడా ఫోకస్ లేని ఫోటో! దాన్ని గ్రూపులో పెట్టి చప్పట్లు కొట్టించుకుంటావా? సిగ్గుండాలి.

టూర్‌లో ఒక ఫోటో నిజంగా రేసుని తేల్చింది. 2017 ఏడో స్టేజ్‌లో మార్సెల్ కిటెల్, ఎడ్వాల్డ్ బొవాసన్ హాగెన్ ఒకేసారి గీత దాటారు. తేడా 6 మిల్లీమీటర్లు. అది పట్టుకున్న కెమెరా గీతకి సరిగ్గా ఎదురుగా బిగించి ఉంటుంది, ఆ సన్న గీత తప్ప ఇంకేమీ చూడదు. దానికి యాంగిల్ కావాలని ఎవరూ దాన్ని రోడ్డు మీదకి మోసుకురాలేదు.

చిన్న కెమెరాతో బాగా తీసేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. వాళ్ళు ఎవరికీ కనపడరు, ఎందుకంటే రోడ్డుకి దూరంగా ఉంటారు. కొండ ఎక్కే మలుపు చూసుకుంటారు, అక్కడ సైకిలు వేగం సగానికి పడిపోతుంది. రోడ్డు మీద ఒక మచ్చ మీద ముందే ఫోకస్ పెట్టుకుంటారు. మెకానికల్ షట్టర్, 1/1000 లేదా అంతకన్నా వేగం. పెద్ద సైజు రా ఫైళ్ళు ఆపి చిన్న సైజు జేపెగ్ పెడితే బఫర్ కాస్త ఊపిరి తీసుకుంటుంది. సైకిలు వెనక దృశ్యం మాత్రమే చారలుగా కావాలంటే 1/60 పెట్టి, పాదాలు కదపకుండా నడుము తిప్పుతూ సైకిలుతో పాటు కెమెరాని తీసుకెళ్తారు. ఇది నేర్చుకోవడానికి ఫ్రాన్స్ కూడా అక్కర్లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. ఆదివారం పొద్దున్నే వెళ్ళి కంచె బయట నిలబడి నడుము తిప్పుకోవచ్చు. కంచె బయట అన్నాను.

కెమెరా కంపెనీలకి నాదొక విన్నపం. కొత్త కెమెరాలు మనిషి కన్ను గుర్తుపడుతున్నాయి, పక్షిని గుర్తుపడుతున్నాయి, కొన్ని సైకిలునీ రైలునీ కూడా గుర్తుపడుతున్నాయి. తర్వాతి అప్‌డేట్‌లో కెమెరా పట్టుకున్నవాడి పాదాన్ని గుర్తుపట్టేలా చెయ్యండి. అది తెల్ల గీత దాటగానే షట్టర్ లాక్ అయి, తెర మీద పెద్ద అక్షరాలతో "వెనక్కి" అని రావాలి. తెలుగులో వస్తే మరీ మంచిది. ఫ్రెంచివాళ్ళ పాదాల సంగతి వాళ్ళ కోర్టులు చూసుకుంటాయి, మా అడుగుగారికి మాత్రం సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసే వీలు పెట్టకండి.