ఆర్చర్డ్ సప్లైని చంపింది హోం డిపో కాదు

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో చాన్నాళ్లుగా ఉంటున్న తెలుగువాళ్ల దగ్గర, ఇంటి మరమ్మతు సామాను అమ్మిన ఆర్చర్డ్ సప్లై హార్డ్‌వేర్ షాపుల పేరెత్తితే రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది, "అయ్యో, ఎంత మంచి షాపండీ" అని. రెండోది, "హోం డిపో, అమెజాన్ దెబ్బకి పోయింది, ఏం చేస్తాం" అని. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాట వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. అందుకే ఈ పొడుగు పోస్టు. ఓపికుంటే చివరిదాకా చదవండి.

ఈమధ్య వచ్చిన పిల్లలకు ఆ పేరే తెలియదు కాబట్టి ముందు కొంచెం చరిత్ర. 1931లో, అమెరికా అంతా మాంద్యంలో మునిగి ఉన్నప్పుడు, శాన్ హోసేలో కొంతమంది పళ్లతోటల రైతులు తలా కొంత వేసుకుని ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు మనం కోడ్ రాసుకుంటున్న శాంటా క్లారా లోయ అప్పట్లో ప్లమ్, ఆప్రికాట్, చెర్రీ తోటల లోయ. నిచ్చెనలు, పనిముట్లు, పురుగుమందులు విడివిడిగా కొంటే గిట్టుబాటు కాదు, కలిసి కొనుక్కుందాం అని మొదలైన కొట్టు అది. ఆర్చర్డ్ అన్న మాట అందంగా ఉందని పెట్టుకున్నది కాదు, నిజంగానే తోటల సరుకు అమ్మిన చోటు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తోటలు కొట్టేశారు. ఆ చెట్లున్న చోటే వరసగా ఇళ్లు లేచాయి. కొనేవాళ్లు మారిపోయారు కాబట్టి కొట్టూ మారింది. రైతుకి నిచ్చెన అమ్మినవాళ్లే ఇల్లు కొనుక్కున్న ఇంజనీరుకి సుత్తి అమ్మారు. సహకార సంఘం పోయి కంపెనీ అయింది. దాన్ని ఏళ్ల తరబడి నడిపిన ఆల్ స్మిత్‌కి రైళ్లంటే పిచ్చి. ఏటా ఆర్చర్డ్ వాళ్లు వేసే క్యాలెండర్ మీద రైలింజన్ల బొమ్మలు ఉండేవి, ఇప్పటికీ దాచుకున్నవాళ్లు ఉన్నారు. శాంటా క్రూజ్ దగ్గర తీరంలో స్వాంటన్ పసిఫిక్ అని ఆయనకో రాంచ్, అంటే పెద్ద వ్యవసాయ క్షేత్రం, ఉండేది. అందులో అసలు రైలుకి మూడో వంతు సైజులో పట్టాలు, ఇంజన్లు నడిపించేవారు. ఆ 3,200 ఎకరాలూ ఆయన తను చదువుకున్న కాల్ పాలీ యూనివర్సిటీకి రాసిచ్చి 1993లో పోయారు. హార్డ్‌వేర్ కొట్టు నడిపినాయన అంత భూమిని విద్యార్థులు పనిచేసి నేర్చుకోవడానికి వదిలి వెళ్లాడంటే, ఆ కొట్టు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన సంగతి. మనలో చాలామందిమి ఊళ్లో ఇంటి పని ముట్టుకోకుండా పెరిగినవాళ్లం. కుళాయి కారితే ప్లంబర్ వస్తాడు, ఫ్యాను తిరగకపోతే ఎలక్ట్రీషియన్ వస్తాడు, గోడ పగిలితే మేస్త్రీ వస్తాడు. నాన్న వీధరుగు మీద నిలబడి చూస్తారు, మనం లోపల కూర్చుని చదువుకుంటాం. అలా పెరిగి ఇక్కడికొచ్చి, ఉన్నదంతా ఊడ్చి ఇల్లు కొన్నాం. సన్నీవేల్, శాంటా క్లారా, కుపర్టినోల్లో మనవాళ్లు కొన్న ఇళ్లలో చాలా భాగం 1950లు, 60లలో కట్టినవి. కొన్న మొదటి వారమే ఏదో ఒకటి కారుతుంది. ప్లంబర్ని పిలిస్తే గడప తొక్కినందుకే వంద డాలర్లు దాటుతుంది.

అప్పుడు ఎక్కడికి వెళ్లాలి? హోం డిపో లాంటి, పెద్ద గోదాముల్లా ఉండే ఇంటి సామాను షాపులు ఉన్నాయి. లక్ష చదరపు అడుగులు, పైకప్పు దాకా అరలు. నేను అలాంటి ఒక షాపులో పాత కుళాయి లోపలి స్టెమ్ (పిడి తిప్పితే తిరిగే కడ్డీ) చేత్తో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాను. ఎవరూ పలకలేదు. చివరికి దొరికినతను ఫోన్‌లో వెతికి "మా దగ్గర లేదు, కుళాయి మొత్తం మార్చుకోండి" అన్నాడు. సన్నీవేల్ ఆర్చర్డ్‌లో అదే ముక్కని ఒక పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశారు. దాని చివరనున్న గాడి పళ్లు లెక్కపెట్టారు. ఒక సొరుగు లాగి అలాంటిదే తీసి, దానికి వేసే రబ్బరు వాషర్ ఇంకో సొరుగులోంచి తీసి, "బిగించే ముందు నీళ్లు కట్టెయ్, మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలుసా?" అని అడిగారు. నాకు తెలియదు. ఇంటి ముందు ఏ మూల చూడాలో బొమ్మ గీసి ఇచ్చారు. బిల్లు నాలుగైదు డాలర్లు అయి ఉంటుంది.

అలాంటివాళ్లు ఆ షాపులో చాలామంది ఉండేవారు. కొందరు రిటైరైన కాంట్రాక్టర్లు, కొందరు అక్కడే జుట్టు నెరిసినవాళ్లు. గీజరుని గోడకి పట్టీలతో బిగించి ఉంచాలన్నది కాలిఫోర్నియాలో చట్టం, భూకంపం వస్తే పడిపోకుండా. ఆ పట్టీ ఎలా చుట్టాలో, స్క్రూ ఉత్త ప్లాస్టర్‌లోకి కాకుండా లోపలి చెక్కలోకి ఎలా దిగాలో నేర్పింది వాళ్లే. బోల్టులు, నట్లు విడిగా ఎన్ని కావాలంటే అన్నే ఇచ్చేవారు, మన సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఇచ్చినట్టు. ఒక్క స్క్రూ కోసం వందున్న డబ్బా కొనాల్సిన కర్మ లేదు.

నర్సరీ గురించి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు. ఈ లోయది జిగట బంకమట్టి. ఎండితే రాయి, తడిస్తే జిగురు. మనవాళ్లు గోంగూర, బచ్చలి, కాకర, సొర వేద్దామని సరదాపడతారు. విత్తనాలు ఇండియా నుంచి తెచ్చినవారివో, గుళ్లో పరిచయమైనవారివో ఉంటాయి. మట్టి ఎలా బాగుచెయ్యాలో మాత్రం వాళ్లకీ తెలియదు. ఆర్చర్డ్ నర్సరీలో ఒకావిడ ఉండేది. మా ఆవిడ గోంగూర ఆకు కోసుకెళ్లి చూపిస్తే వాసన చూసి, "ఇది మందార జాతి మొక్క, రాత్రి చలి తగ్గేదాకా నేలలో పెట్టకు, మే నెల దాకా ఆగు" అని చెప్పింది. ఆ ఏడాది నుంచి మా ఇంట్లో గోంగూర పచ్చడికి కొదవలేదు. 2012 నుంచి కరువొచ్చి నీళ్లు ఆచితూచి వాడాల్సి వచ్చినప్పుడు డ్రిప్పు గొట్టాలు ఎలా వెయ్యాలో ఆవిడే దగ్గరుండి చెప్పింది.

మా అమ్మ వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లినా కాళ్లనొప్పులనేది, ఆర్చర్డ్‌కి మాత్రం ముందే చీర మార్చుకుని కూర్చునేది. ఇంగ్లీషు రాదు. బీరపాదుకి పందిరి వెయ్యాలని చేతులతో గాలిలో గీసి చూపిస్తే, అక్కడి కుర్రాడు అర్థం చేసుకుని వెదురు కర్రలు, తాడు తెచ్చి ముందు పెట్టాడు. "మంచి పిల్లాడురా" అని ఇంటికొచ్చేదాకా చెబుతూనే ఉంది. పరాయి దేశంలో మాటసాయం లేకుండా తన పని తను చేసుకోగలిగిన చోటు అమ్మకి అదొక్కటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇలాంటి షాపు ఎలా పోయింది?

హోం డిపో కాలిఫోర్నియాకి 1980లలోనే వచ్చింది. ఆ పోటీ చిన్నదని నేననను. కానీ అది వచ్చాక కూడా ఆర్చర్డ్ పెరిగింది, కొత్త షాపులు తెరిచింది. చిన్న షాపు, తెలిసిన మనిషి, ఇంటికి దగ్గర అనే దాని బలం దానికుంది. ఆ బలం చూసే 1996లో సియర్స్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ కొనుక్కుంది. కథ అక్కడ అడ్డం తిరిగింది. 2005లో సియర్స్, కేమార్ట్ అనే ఇంకో షాపుల కంపెనీ కలిశాక, ఆర్చర్డ్‌లో దాదాపు 20 శాతం వాటా ఏరీస్ అనే పెట్టుబడి సంస్థకి వెళ్లింది. ఆర్చర్డ్ పేరు మీద అప్పు తెచ్చి, వందల మిలియన్ల డాలర్లు డివిడెండ్‌గా పైకి పంపించారు. దీని అర్థం ఏమిటో నిదానంగా చూడండి. అప్పు తెచ్చింది షాపు బాగుచెయ్యడానికి కాదు, యజమానికి ఇవ్వడానికి. తీర్చాల్సింది మాత్రం బోల్టులు అమ్మే ఆ షాపు. మేత ఆపేసి గేదెని పితికినట్టు.

ఆ తర్వాత ఇళ్ల మార్కెట్ కుప్పకూలింది. అప్పు లేని కంపెనీ అయితే ఖర్చు తగ్గించుకుని ఓపిక పట్టేది. నెత్తిన అంత అప్పున్నవాడికి ఓపిక పట్టే వీలెక్కడిది? 2011 చివర్లో సియర్స్ ఆ అప్పుతో సహా దాన్ని విడదీసి స్టాక్ మార్కెట్‌లోకి వదిలేసింది. ఏడాదిన్నర తిరక్కుండా, 2013 జూన్‌లో, ఆర్చర్డ్ దివాలా కోర్టుకెక్కింది. 72 షాపుల్ని హోం డిపోకి పోటీ అయిన లోస్ కంపెనీ సుమారు 205 మిలియన్ డాలర్లకి కొనుక్కుంది.

అప్పుడు మేమంతా సంతోషించాం. లోస్ వాళ్లు ఆర్చర్డ్‌ని ఆర్చర్డ్‌గానే ఉంచుతామన్నారు, కొన్నాళ్లు ఉంచారు కూడా. కొత్త షాపులు పెట్టారు. ఫ్లోరిడాలో కూడా తెరిచారు. శాంటా క్లారా లోయ బంకమట్టి తెలిసిన కొట్టుకి ఫ్లోరిడా ఇసకనేలలో ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2018 జులైలో లోస్‌కి కొత్త సీఈఓ వచ్చారు. ఆగస్టులో మొత్తం 99 షాపులూ మూసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. వేల ఉద్యోగాలు పోయాయి. పెద్ద కంపెనీ లెక్కల పుస్తకంలో అదొక పక్కవ్యాపారం, తీసేస్తే పుస్తకం శుభ్రంగా కనిపిస్తుంది, అంతే. సొంతంగా అప్పు లేకుండా ఉండి ఉంటే దాన్ని మూసే హక్కు ఇంకెవరి చేతికీ వెళ్లేది కాదు. ఆ ఏడాదే అక్టోబరులో సియర్స్ కూడా దివాలా తీసింది. దానికి నేను కన్నీళ్లు పెట్టుకోలేదు.

ఇది ఒక్క ఆర్చర్డ్ కథ అయితే దురదృష్టం అనుకోవచ్చు. వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల పాతకాపుల్ని హెచింగర్ గురించి అడగండి. 1911లో మొదలైన కుటుంబ వ్యాపారం. కాంట్రాక్టర్లకే కాదు, మామూలు ఇంటివాళ్లకీ సామాను అమ్మాలని ముందుగా అనుకున్నవాళ్లలో వాళ్లొకరు. 1997లో లియోనార్డ్ గ్రీన్ అనే పెట్టుబడి సంస్థ దాన్ని కొని, కేమార్ట్ వదిలించుకున్న బిల్డర్స్ స్క్వేర్ అనే ఇంటి సామాను షాపులతో ముడిపెట్టింది. నీరసంగా ఉన్న రెండిటిని కలిపితే బలం వస్తుందని ఎలా అనుకున్నారో! రెండేళ్లలో, 1999లో, రెండూ కలిసి పోయాయి. సియాటిల్ వైపు పే ఎన్ పాక్ అని హార్డ్‌వేర్ షాపుల కంపెనీ ఉండేది. 1980ల చివర్లో అప్పుతో చేతులు మారింది, 1992కల్లా లేదు. దాన్ని నడిపిన డేవిడ్ హీరెన్స్‌పెర్గరే బయటికొచ్చి ఈగిల్ హార్డ్‌వేర్ పెట్టి, హోం డిపో పక్కనే ఉండగా కూడా లాభాల్లో నడిపించాడు. అదే ఊరు, అదే వ్యాపారం, అదే మనిషి, అదే పోటీ. చివరికి ఈగిల్‌ని 1999లో లోస్ మంచి ధరకి కొనేసి బోర్డు మార్చింది.

మన కాలిఫోర్నియాలోనే హోంబేస్ ఉండేది. వాళ్లు సుత్తులు, మేకులు మానేసి అలంకరణ సామాను అమ్ముతామని హౌస్‌టుహోం అని పేరు మార్చుకున్నారు. 2001లోనే మునిగిపోయారు. ఇది అప్పు కథ కాదు, సొంత తెలివితక్కువతనం. దాని మీద నాకు పెద్దగా జాలి లేదు.

హోం డిపో పెట్టిన బెర్నీ మార్కస్, ఆర్థర్ బ్లాంక్ కూడా హ్యాండీ డాన్ అనే ప్రాంతీయ గొలుసు షాపుల్లో పనిచేసి, 1978లో అక్కడి నుంచి గెంటేస్తే బయటికొచ్చినవాళ్లే. తొలి రోజుల్లో వాళ్లు కూడా పనితనం తెలిసినవాళ్లనే ఉద్యోగంలో పెట్టుకున్నారు. అంటే పని తెలిసిన మనిషి విలువ వాళ్లకీ తెలుసు.

"యూట్యూబ్ ఉంది కదండీ, అన్నీ అందులో చూసుకోవచ్చు" అంటారు కొందరు. నేనూ చూస్తాను. కానీ వీడియోలో మనిషి నా చేతిలో ముక్క చూడలేడు. "అది కాదు బాబూ, నీ సమస్య వాషర్ కాదు, అది ఆనే సీటు అరిగిపోయింది" అని చెప్పలేడు. ప్రశ్న తెలిస్తే యూట్యూబ్ జవాబు చెబుతుంది. ఏమి అడగాలో కూడా తెలియని వాళ్లకి ఆర్చర్డ్ కావాలి. కొత్తగా ఇల్లు కొన్న మన పిల్లలు ఇవాళ ఏం చేస్తున్నారో చూస్తున్నాను. చిన్న లీకుకి కూడా కుళాయి మొత్తం మారుస్తున్నారు, మూడొందలిచ్చి. తప్పు వాళ్లది కాదు, చెప్పే మనిషి లేడు.

మూసేశాక కొన్ని పాత చోట్లలో ఔట్‌డోర్ సప్లై హార్డ్‌వేర్ అని కొత్త షాపులు తెరిచారు. ఇంగ్లీషులో పొట్టి అక్షరాలు అవే (OSH), యజమాని వేరే. పాతదానితో సమానం అనను గానీ, వెళ్తే మనిషి పలుకుతాడు. ఏస్ హార్డ్‌వేర్ షాపులు కూడా ఉన్నాయి. ఏస్ అంటే ఒక పెద్ద కంపెనీ అనుకుంటారు, నిజానికి అది ఆ షాపుల ఓనర్లందరి సహకార సంఘం. 1931లో మన లోయ రైతులు పెట్టుకున్న లాంటిదే. ధర ఒక డాలరు ఎక్కువున్నా నేను అక్కడే కొంటున్నాను, మీరూ కొనండి.

ఇంకో విషయం. ఇలాంటి పాత షాపులు మిగతా చోట్లా ఉండేవి కాబట్టి, న్యూజెర్సీలో ఎడిసన్ వైపు పాతకాపులు రికెల్ గురించి, మేరీల్యాండ్, వర్జీనియా వాళ్లు హెచింగర్ గురించి, షికాగో వాళ్లు హ్యాండీ ఆండీ గురించి, సియాటిల్ వాళ్లు ఎర్న్‌స్ట్, ఈగిల్ గురించి గుర్తున్నది కింద రాయండి. మీకు అక్కడ ఎవరు ఏం నేర్పారో రాయండి. ఆర్చర్డ్ రైలు క్యాలెండర్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి, 1990లవి అయితే మరీ మంచిది.