సంసారం ఆమెది, ఓటీపీ ఆయనది

ఆగస్టు దాటాక శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వైపో, విజయనగరం తీరంలో పూసపాటిరేగ పల్లెల వైపో వెళ్తే వయసు మగాళ్లు పెద్దగా కనిపించరు. గుజరాత్‌లోని వేరావల్‌లో బోట్లెక్కి ఉంటారు. అక్కడ జూన్, జూలై వేట నిషేధం కాబట్టి ఇంటి పట్టున ఉండేది దాదాపు ఆ రెండు నెలలే. శ్రీకాకుళం జిల్లాలోనే కొబ్బరి తోటల ఉద్దానం వైపైతే వెల్డింగు, ఫిట్టింగు పనులకి గల్ఫ్ వెళ్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి తోటల్ని కూల్చేశాక, మళ్లీ మొక్క పెట్టి కాపు కోసం ఏళ్ల తరబడి కూర్చునే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

ఈ ఇళ్ల గురించి రాసినప్పుడల్లా పాపం ఒంటరిగా ఉంది అని ఇంట్లో మిగిలిన భార్య మీద జాలి పడతాం. జాలి పడాల్సిన సందర్భాలూ ఉన్నాయి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. కానీ మామూలు రోజుల్లో ఆమెని సతాయించేది ఒంటరితనం కంటే కాగితాలు.

ఉదాహరణకి పీఎం కిసాన్ రైతు సాయం పడాలంటే చేయాల్సిన ఈకేవైసీనే (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ) తీసుకోండి. పొలం ఆయన పేరున, ఆధార్‌కి ఉన్న నంబరు ఆయనది, చాలా ఇళ్లల్లో పిల్లల ఆధార్‌కీ అదే నంబరు. మీసేవలో కుర్రాడు "ఓటీపీ వచ్చిందేటమ్మా?" అంటాడు, ఈమె ఫోన్ కొడుతుంది, బోటు నడిసముద్రంలో ఉంటే సిగ్నల్ ఉండదు, ఓటీపీ గడువు నిమిషాల్లో అయిపోతుంది, రేపు రమ్మంటారు. పోనీ వేలిముద్ర వేద్దామంటే ఆ వేలు వేరావల్‌లో ఉంది!

విచిత్రం ఏమిటంటే, 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డుకి పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడే ఇంటి యజమాని. బియ్యానికి ఆమె, భూమికి ఆయన అన్నమాట. డ్వాక్రా వాయిదా, గుంటడి ఫీజు, అత్తగారి మందులు, కూలీల బేరం అన్నీ ఆమే చూసుకుంటుంది, కానీ గేదెని అమ్మాలంటే మాత్రం రాత్రి ఫోన్‌లో అనుమతి తీసుకోవాలి. ఆయన వచ్చిన రెండు నెలల్లో గొడవలు ఇక్కడే మొదలవుతాయి. పది నెలలు ఆమె లెక్క ప్రకారం నడిచిన ఇంట్లోకి వచ్చి "డబ్బులన్నీ ఏటి చేసినావు?" అంటే ఆమెకి మండదా? అలాగని మనిషిని తప్పు పట్టలేం, అక్కడ ఒళ్లు హూనం చేసుకుని పంపిన డబ్బు కదా. లెక్క అడగడంలో తప్పు లేదు, ఇంటి సంగతులు తనకేం తెలియకుండానే తీర్పు చెప్పేయడం తప్పు.

తండేలు (బోటు నాయకుడు) దగ్గర అడ్వాన్సు తీసుకున్న వారంలోనే ఇద్దరూ కలిసి బ్యాంకుకి వెళ్లి జాయింట్ ఖాతా తెరవడం, ఆమెదీ పిల్లలదీ ఆధార్‌కి ఆమె నంబరే ఎక్కించడం ఒక్క పూట పని. పట్టాదారు పుస్తకంలో ఆమె పేరు కూడా చేర్చుదామంటే మాత్రం చాలా ఇళ్లల్లో అత్తగారే ముందు లేస్తారు.