సాకులు కూడా మిగల్చని ఓటమి

ఓడిపోవడం మాకు కొత్త కాదు. వానలో ఓడాం, ఎండలో ఓడాం, గెలుస్తూ గెలుస్తూ ఓడాం. ఓడిన ప్రతిసారీ తెల్లారేసరికి ఓ కారణం సిద్ధం చేసుకుని, తల దువ్వుకుని, నలుగురిలోకి వెళ్ళాం. మొన్న కప్ మ్యాచ్‌లో మాకంటే మూడు డివిజన్లు కిందున్న జట్టు చేతిలో, మా సొంత మైదానంలో, 0-1తో ఓడాం. తెల్లారింది. ఎంత వెతికినా చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ దొరకలేదు. ఆట సంగతి ఆటగాళ్ళు చూసుకుంటారు, జీతాలు తీసుకునేది వాళ్ళే. అభిమానులను పీడిస్తున్న ఈ సాకుల కొరత మీద మాత్రం ఇంతవరకు ఏ ఫుట్‌బాల్ సమాఖ్యా నోరు మెదపలేదు కాబట్టి, ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

పరాయి మైదానంలో ఓడితే ఆ సుఖమే వేరు. అడుగు పెట్టగానే సగం సాకులు వాళ్ళే చేతికిస్తారు. డ్రెస్సింగ్ రూమ్ ఇరుకు. గడ్డి పొడుగ్గా వదిలేశారు, బంతి దొర్లదు. లేదంటే మరీ కత్తిరించేశారు, బంతి ఆగదు. ప్రయాణ బడలిక సరేసరి. రిఫరీ ఆ జనం అరుపులకి జడిసిపోయాడు.

ఇంగ్లండ్‌లో ఎఫ్ఏ కప్ 1871లో మొదలైంది. అంత పాత టోర్నీ కాబట్టి సాకుల విషయంలోనూ వాళ్ళే పెద్దన్నలు. 1949లో సండర్లాండ్ పై డివిజన్ జట్టు. యోవిల్ అనే నాన్-లీగ్ (ప్రధాన లీగ్ డివిజన్ల వెలుపలి) జట్టు మైదానానికి వెళ్ళి 2-1తో ఓడొచ్చింది. ఆ మైదానం ఓ పక్కకి వాలి ఉండేది. ఇన్నేళ్ళైనా ఆ మ్యాచ్ మాటెత్తితే జనం ముందు చెప్పేది ఆ వాలు గురించే, సండర్లాండ్ ఎలా ఆడిందో ఎవరికీ పట్టదు. సగం ఆటయ్యాక వైపులు మారతారు కదా, వాలు ఇద్దరికీ ఒకటే కదా అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోకండి, వాళ్ళు ఏ జట్టుకీ అభిమానులు కారు. 1972లో న్యూకాజిల్ హియర్‌ఫోర్డ్ వెళ్ళి ఓడింది. అక్కడ బురద. రోనీ రాడ్‌ఫర్డ్ అల్లంత దూరం నుంచి కొట్టిన ఆ గోల్‌ని టీవీల్లో ఇప్పటికీ చూపిస్తూనే ఉంటారు. హియర్‌ఫోర్డ్ వాళ్ళు అందులో గోల్ చూస్తారు, న్యూకాజిల్ వాళ్ళు బురద చూస్తారు. ఒకే వీడియోతో రెండు జట్ల అభిమానులూ తృప్తిపడిన సందర్భం ఇంకోటి నాకు తెలియదు.

ఇక మా సంగతి. మా మైదానం బల్లపరుపు. గడ్డి మేమే కత్తిరించాం, నీళ్ళు మేమే పట్టాం. బంతులు అందించే పిల్లలు మా అకాడమీవాళ్ళే. ఆడలేక మద్దెల ఓడంటారు. ఇక్కడ మద్దెల మాదే, నిన్నగాక మొన్న బిగించిందే.

మాకు ముందు ఈ దారిన వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. 2013లో నార్విచ్ సొంత మైదానంలో నాన్-లీగ్ జట్టు లూటన్ చేతిలో 0-1తో ఓడింది. 2017లో బర్న్లీ కూడా అదే స్కోరుతో లింకన్ సిటీకి తలవంచింది. అదీ నాన్-లీగ్ జట్టే, గోల్ 89వ నిమిషంలో. వీళ్ళందరికంటే నాకు చెల్సీ మీద గౌరవం ఎక్కువ. 2015 జనవరిలో లీగ్ పట్టికలో పైన కూర్చున్న చెల్సీ, మూడో శ్రేణి జట్టు బ్రాడ్‌ఫర్డ్ మీద సొంత మైదానంలో 2-0 ఆధిక్యంలోకి వెళ్ళి, 4-2తో ఓడింది. అంటే, ఆట మొదలైనప్పటికే అలసిపోయాం అనే సాకుని కూడా తన చేత్తో తనే చింపి పారేసింది. రెండు గోల్స్ కొట్టినవాణ్ణి అలసిపోయాడంటే ఎవరు నమ్ముతారు? అలాంటి నిజాయితీ మా క్లబ్‌లో లేదు. మేం అసలు గోలే కొట్టలేదు.

మా మ్యాచ్‌లో గోల్ పడిన తీరు చెప్పాలి. ఇంకో నాలుగైదు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా వాళ్ళకో ఫ్రీ కిక్ దొరికింది. కొట్టేవాడు బంతిని పక్క గీత దగ్గర పెట్టాడు, నచ్చక తీశాడు, తిప్పి మళ్ళీ పెట్టాడు. ఈలోగా మా డిఫెండర్లు నలుగురూ ఒకరికొకరు వేలు పెట్టి చూపించుకున్నారు, నువ్వు వాణ్ణి చూసుకో, నువ్వు వాణ్ణి చూసుకో అని. అందరూ చూపించారు, ఎవరూ కదల్లేదు. బంతి గాల్లో వచ్చింది. వాళ్ళ సెంటర్ బ్యాక్ ఎగరను కూడా ఎగరలేదు. నిలబడ్డ చోటే నిలబడి నుదురు అడ్డం పెట్టాడు. బంతి నేలకి తగిలి, మా గోల్‌కీపర్ మోచేతి కిందుగా దూరి, గీత దాటడానికి ఎంత అవసరమో అంతే దాటింది. వల కూడా కదల్లేదు. కనీసం వల చిరిగేలా కొట్టి ఉంటే, ఆ షాట్‌ని ఎవరు ఆపగలరు అని ఓ నిట్టూర్పు విడిచేవాళ్ళం. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు దుర్మార్గుడు.

తర్వాత మా ప్రాణాలన్నీ వీడియో చూసి తీర్పు సరిచూసే వీఏఆర్ గదిలో ఉన్నాయి. స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టి ఆఫ్‌సైడ్ కోసం ప్రార్థించింది. తెర మీద గీతలు గీశారు. అందరికంటే వెనకాల, గోల్ గీతకి ఆనుకుని ఓ మడమ కనపడింది. ఆ మడమ మా కెప్టెన్‌ది, ఆఫ్‌సైడ్ కాకుండా చేసింది అదే. వేలు పెట్టి చూపించిన నలుగురిలో అందరికంటే గట్టిగా చూపించింది ఆయనే. ఇంతకుముందైతే లైన్స్‌మన్ కళ్ళద్దాలు మార్చుకోవాలని తిట్టుకునేవాళ్ళం, రాత్రికి కాస్త నిద్ర పట్టేది. ఇప్పుడు యంత్రాన్ని ఏమని తిడతాం?

పైగా ఆ సెంటర్ బ్యాక్ వారమంతా బడిలో లెక్కలు చెప్పుకునే మాస్టారని కామెంటేటర్ చెప్పాడు. ఒకసారి కాదు, గోల్ రీప్లే వేసిన ప్రతిసారీ చెప్పాడు. సోమవారం ఉదయం పాఠం చెప్పడానికి వెళ్ళాలట. ఇది నాకు చాలా అన్యాయంగా తోచింది. చిన్న జట్టువాళ్ళు సోమవారం ఏం పని చేస్తారో ఊరంతా చాటుతారు. మా వాళ్ళు మిగతా వారమంతా ఏం చేస్తున్నారో మాత్రం ఎవరూ అడగరు. అడిగితే మాకూ తెలుస్తుంది.

మ్యాచ్ తర్వాత మా కోచ్ విలేకరుల ముందుకొచ్చి కప్ అంటే తమకు ఎంతో గౌరవం అన్నాడు. నిజమే. మొదటి జట్టులో ఎనిమిదిమందిని మార్చింది ఆ గౌరవంతోనే. పెద్దలంటే భయభక్తులున్న కొత్తల్లుడు గుమ్మం దగ్గరే నిలబడిపోయినట్టు, మేమూ ట్రోఫీకి దూరంగా నిలబడ్డాం. ఆటలో ముప్పాతిక వంతు సేపు బంతి తమ దగ్గరే ఉందని కూడా అన్నాడు. అదీ నిజమే. బంతి మా దగ్గర ఎంతో సుఖంగా ఉంది. ఎడమ డిఫెండర్ నుంచి కుడి డిఫెండర్‌కి, అక్కడి నుంచి గోల్‌కీపర్‌కి, మళ్ళీ ఎడమవైపుకి తిరుగుతూ ఉంది. ప్రత్యర్థి గోల్ దగ్గరికి వెళ్ళాలన్న కోరిక దానికీ లేదు, వీళ్ళకీ లేదు.

ఈ గణాంకాల ఓదార్పు వినేవాళ్ళు బయర్న్, చెల్సీల మధ్య జరిగిన 2012 ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల టోర్నీ) ఫైనల్ గుర్తుతెచ్చుకోవాలి. ఫైనల్ మ్యూనిక్‌లో, అంటే బయర్న్ సొంతింట్లో. బయర్న్‌కి 20 కార్నర్లు వచ్చాయి. చెల్సీకి వచ్చింది ఒక్కటి. 83వ నిమిషంలో ముల్లర్ బయర్న్‌కి గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో ఆ ఒక్క కార్నర్‌నీ డ్రోగ్బా తలతో వలలో వేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో బయర్న్ ఆటగాడు రాబెన్ పెనాల్టీని చెల్సీ గోల్‌కీపర్ చెక్ ఆపాడు, చివరికి షూటౌట్‌లో కప్పు చెల్సీ పట్టుకెళ్ళింది. ఇరవై కార్నర్ల జాబితా బయర్న్ దగ్గర ఉండిపోయింది. దాన్ని ఏ అరలో పెట్టారో నాకు తెలియదు.

సొంత నేల మీద ఓడినా సాకు పుట్టించగలిగింది, నాకు తెలిసి, బ్రెజిల్ ఒక్కటే. 1950 జులై 16, రియోలోని మారకానా స్టేడియం. అధికారిక లెక్క ప్రకారమే 1,73,850 మంది జనం. ఉరుగ్వేతో డ్రా చేసుకున్నా చాలు, ప్రపంచకప్ బ్రెజిల్‌దే. ముందు గోల్ కొట్టింది కూడా బ్రెజిలే. తర్వాత స్కియాఫినో ఒకటి, 79వ నిమిషంలో గిగ్గియా ఒకటి కొట్టారు. 2-1. అంతమంది ఉన్నచోట సాకు వెతకడం మాటలా? అయినా వెతికారు. జట్టు వేసుకున్న తెల్ల చొక్కాలో దేశభక్తి లేదని తేల్చారు. ఓ పత్రిక కొత్త చొక్కా కోసం పోటీ పెట్టింది. ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ పసుపు చొక్కా, నీలం నిక్కరు అలా వచ్చినవే. తప్పు బట్టది! ఇంత గొప్ప ఆలోచన మా క్లబ్ బోర్డులో ఎవరికైనా వస్తుందా? (అయితే చొక్కా ఒక్కటీ చాలక గోల్‌కీపర్ బార్బోసా మీద కూడా నింద వేశారు, 2000లో పోయేదాకా ఆయన్ని అది వదల్లేదు. ఆ భాగాన్ని నేను సమర్థించను. చొక్కాని తిడితే చొక్కాకి నొప్పి ఉండదు.)

పసుపు చొక్కా అరవై ఏళ్ళు బాగానే పనిచేసింది. 2014 జులై 8న బెలో హొరిజాంటేలో జర్మనీతో సెమీఫైనల్ వచ్చింది. నేమార్‌కి గాయం, కెప్టెన్ థియాగో సిల్వా మీద సస్పెన్షన్. రెండూ నిఖార్సైన సాకులు. నా అంచనాలో ఒక్కోటి ఒక గోల్‌కి సరిపోతుంది, పొదుపుగా వాడుకుంటే ఒకటిన్నరకి. జర్మనీ 29 నిమిషాలకే ఐదు కొట్టింది, అందులో నాలుగు ఆరు నిమిషాల వ్యవధిలోనే. చివరికి 7-1. సాకులు నిల్వ పెట్టుకున్నవాళ్ళకే సొంత మైదానంలో ఈ గతి పడితే, మాలాంటివాళ్ళ గతేమిటి?

మైదానం మనదైతే జనం బలం మనకుంటుందని ఓ నమ్మకం ఉంది. 2020లో కోవిడ్ వల్ల ఖాళీ స్టేడియాల్లో ఆడించినప్పుడు సొంత జట్లకుండే మొగ్గు తగ్గిందని పరిశోధకులు తేల్చారు కూడా. ఈ పరిశోధనని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఎందుకంటే, జనం వల్ల గెలుస్తారని ఒప్పుకుంటే, ఓడినప్పుడు జనాన్నే నిలదీస్తారు. నిజానికి మా జనం మొన్న ఎంతో సహకరించారు. మా గోల్‌కీపర్ బంతిని పక్కవాడికి ఇచ్చినప్పుడల్లా స్టాండ్స్ అన్నీ కలిసి ఒక్క గొంతుతో మూలిగాయి. ఆ మూలుగు విని మా డిఫెండర్ కంగారుపడి బంతిని బయటికి తన్నాడు. అప్పుడు ఇంకాస్త గట్టిగా మూలిగాం. ఇంతకంటే జట్టు వెన్నంటి ఉండటం ఎలాగో ఎవరైనా చెప్పాలి.

అందుకే సమాఖ్యలకి నా విన్నపం ఏమిటంటే, ఇకమీదట డ్రా తీసేటప్పుడు పెద్ద జట్టుకి సొంత మైదానం ఇచ్చే క్రూరత్వాన్ని మానుకోవాలి. జర్మన్లు ఈ విషయంలో నాగరికులు. వాళ్ళ కప్‌లో మొదటి రౌండ్‌లో చిన్న జట్టుకే సొంత మైదానం ఇస్తారు. చిన్నవాళ్ళకి న్యాయం కోసమని పైకి చెబుతారు గానీ, అసలు మేలు పెద్ద జట్టుకే. ఓడినా మర్యాదగా పిచ్ బాలేదని చెప్పుకుని ఇంటికి రావచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నవాళ్ళు నాకౌట్ టోర్నీలు చూసి ఉండరు.

మిగతా ప్రపంచం మాత్రం ఉన్న సాకులు కూడా ఊడలాక్కుంటోంది. స్కోరు సమానమైతే పరాయి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళదే గెలుపనే అవే గోల్ నిబంధనని 2021లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుఎఫా ఎత్తేసింది. అంతకుముందు రెండు మ్యాచ్‌ల మొత్తం స్కోరు సమానమై ఇంటికొస్తే, మేం ఓడలేదు, రూలు ఓడించింది అని చెప్పుకునేవాళ్ళు. 2024-25 సీజన్ నుంచి ఎఫ్ఏ కప్ మొదటి రౌండ్ మొదలు పైకి ఎక్కడా రీప్లేలు, అంటే డ్రా అయితే మళ్ళీ ఆడించే మ్యాచ్‌లు, లేవు. ఇదివరకు సొంత మైదానంలో చచ్చీచెడీ డ్రా చేసుకుంటే రెండో మ్యాచ్‌కి వాళ్ళ ఊరు వెళ్ళే భాగ్యం దక్కేది, అక్కడ బురదో వాలో ఏదో ఒకటి దొరికేది. ఇప్పుడు తాడోపేడో మనింట్లోనే, మన జనం ఎదుటే తేలిపోవాలి.

ఓడిన ప్రతి జట్టూ చివరికి చెప్పే మాట మా క్లబ్ కూడా చెప్పింది. ఇకపై లీగ్ మీద పూర్తి దృష్టి పెడతారట. పట్టికలో మేం కింది నుంచి నాలుగో స్థానంలో ఉన్నాం. సగం దృష్టితోనే ఇంత సాధించాం కాబట్టి, పూర్తి దృష్టి పెడితే కింద ఉన్న ఆ మూడు స్థానాలు కూడా అందకపోవు. వచ్చే మ్యాచ్ పరాయి మైదానంలో. అక్కడ వానలకి పిచ్ మీద నీళ్ళు నిలిచిపోయాయని ఇప్పుడే చదివాను. ప్రాణం లేచొచ్చింది.