ప్రతిష్టంభన, అర మార్కు

మా అమ్మాయికి హోంవర్కులో 'ప్రతిష్టంభన'కి సొంతవాక్యం రాయమని ఇచ్చారు. "చర్చల్లో ప్రతిష్టంభన" అని పేపర్లో రోజూ చూసే మాటే, కానీ ఆరో తరగతి పిల్లకి చెప్పాలంటే నోరు పెగల్లేదు. ఎక్కడి గొంగళి అక్కడే ఉండిపోవడం అన్నాను. గొంగళి అంటే ఏంటి నాన్నా అంది. పోనీ పీటముడి అన్నాను, అదీ తెలీదంది. సరే, స్కూలుకెళ్తూ దార్లో చెప్తాలే పద అన్నాను.

సత్యనారాయణపురంలో మా సందు ఎంతంటే, ఒక కారూ ఒక స్కూటరూ పడతాయి, రెండు కార్లు పట్టవు. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి ఎదురుగా తెల్లకారు. ఆయన హారన్ కొట్టాడు, నేనూ కొట్టాను. ఆయన ఇంజన్ ఆపేశాడు, నేనూ ఆపేశాను.

"చూశావా, ఇదే! ప్రతి అంటే ఎదురు, స్తంభించడమంటే కదలకుండా ఆగిపోవడం. ఒకరికొకరు అడ్డంగా స్తంభాల్లా నిలబడిపోయామన్నమాట."

"మరి నువ్వు వెనక్కి తీయొచ్చుగా?"

ఇక్కడో సంగతి చెప్పాలి. లైసెన్సు వచ్చి తొమ్మిదేళ్ళయినా నాకు రివర్స్ రాదు, నేను స్టీరింగ్ తిప్పే దిక్కుకీ కారు వెళ్ళే దిక్కుకీ సంబంధమే ఉండదు, కిందటిసారి పక్కింటి తులసికోట దాకా వెళ్ళొచ్చాను కూడా. అదంతా పిల్లకి చెప్పలేక, ఇది ప్రతిష్ఠకి సంబంధించిన విషయమమ్మా అన్నాను.

ఈలోగా నా వెనక గ్యాస్ సిలిండర్ల ఆటో వచ్చి ఆగింది. హమ్మయ్య, ఇప్పుడు తీద్దామన్నా కుదరదు! మేడ మీంచి ఒకావిడ "కుడికి కొట్టు, కుడికి కొట్టు" అంటోంది, ఎవరి కుడికో చెప్పకుండా.

ఎదుటాయన దిగి వచ్చాడు. గొడవేననుకుని అద్దం రెండంగుళాలే దించాను. ఆయన తొంగి చూసి, "మీరు మా వదినగారి అల్లుడు కదూ?" అన్నాడు. ఇక చూస్కోండి, మీరు ముందు వెళ్ళండంటే మీరు వెళ్ళండి బాబాయిగారూ అని ఇంకో పది నిమిషాలు. ఆటో అతను "ఇంటికెళ్ళి మాట్లాడుకోండయ్యా" అని తిట్టుకుంటూ వెనక్కి పోతే, చివరికి బాబాయిగారే నా సీట్లో కూర్చుని నా కారు వెనక్కి తీసిపెట్టారు.

సాయంత్రం నోట్‌బుక్ చూశాను. "మా నాన్నకి రివర్స్ రాకపోవడం వల్ల మా వీధిలో ప్రతిష్టంభన ఏర్పడింది." వాక్యానికి టిక్కు పెట్టి, టీచరుగారు 'ట'ని ఎర్రసిరాతో 'ఠ' చేసి అర మార్కు కోసేశారు. ఒళ్ళు మండింది. 'ప్రతిష్ఠ' స్థా ధాతువు నుంచి వచ్చింది కాబట్టి దానికి ఒత్తు ఠ ఉంది, ఇది స్తంభం నుంచి వచ్చింది, మామూలు ట చాలు. మర్నాడు నిఘంటువు పట్టుకుని వెళ్ళాను. ఆవిడ ఒత్తు ఠతో అచ్చయిన పేపర్ ముక్క చూపించారు. నేను నిఘంటువు వెనక్కి తీయను, ఆవిడ పేపర్ వెనక్కి తీయరు.

బెల్లు కూడా కొట్టేశారు. పక్కన నిలబడ్డ మా అమ్మాయి నా చొక్కా లాగి మెల్లిగా అంది: "నాన్నా, బాబాయి తాతగారికి ఫోన్ చేయనా?"